పాత కచేరీ టేపును నేటి డిస్క్‌గా తీసుకురావడం ఎలా

సినిమా రీలును శుభ్రం చేసేటప్పుడు ఒకే ఒక్క ఫ్రేములో మెరిసి మాయమయ్యే తెల్ల మచ్చ కనిపిస్తే, అది దుమ్మేనని ధైర్యంగా చెరిపేయొచ్చు. కచేరీ వీడియోలో ఆ ధైర్యం పనికిరాదు. ఆ మచ్చ స్ట్రోబ్ లైటు కావచ్చు, పైనుంచి రాలుతున్న రంగుకాగితం కావచ్చు, డ్రమ్మర్ గాల్లోకి లేపిన స్టిక్ కొస కావచ్చు. వేదిక మీది పొగ చూడ్డానికి నాయిస్‌లాగే ఉంటుంది. చప్పట్లు వినడానికి టేపు బుసలాగే ఉంటాయి. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్‌కు ఈ తేడా తెలియదు కాబట్టి మీరే కాపలా కాయాలి. ఏది టేపుకు తగిలిన దెబ్బ, ఏది ఆ రాత్రి నిజంగా జరిగింది అన్న ప్రశ్న ప్రతి అడుగులోనూ వేసుకోవాలి.

1. అన్నిటికంటే ముందరి కాపీని పట్టుకోండి

సాఫ్ట్‌వేర్ మీద నెలలు ఖర్చుపెట్టినా రాని లాభం ఒక తరం ముందరి కాపీ దొరికితే వచ్చేస్తుంది. చేతిలో వీహెచ్‌ఎస్ ఉంటే అది దేన్నుంచి తీసిందో ఆరా తీయండి. టీవీ స్టూడియోలు వాడిన బీటాక్యామ్ ఎస్‌పీ టేపు మీద ఎడిట్ మాస్టర్ (ఎడిటింగ్ పూర్తయిన అసలు టేపు) ఉందా? అంతకంటే ముందు ఒక్కో కెమెరాకు విడిగా రికార్డయిన టేపులు ఉన్నాయా? ఫిల్మ్ మీద తీసినదైతే ప్రింటు కాదు, నెగెటివ్ కావాలి. శబ్దం కోసం విడిగా వెతకండి. 24 ట్రాకుల 2 అంగుళాల టేపో, మిక్సింగ్ బోర్డు నుంచి తీసిన క్యాసెట్టో వేరే అటక మీద ఉండిపోవడం మామూలే.

కాపీ ఎన్నో తరానిదో బొమ్మే చెబుతుంది. వీహెచ్‌ఎస్ బొమ్మ అడుగున చిరిగినట్టు కదులుతూ ఒక సన్నటి పట్టీ ఉంటుంది. వీడియో హెడ్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే చోటు అది. అలాంటి పట్టీలు ఒకదానిపై ఒకటి రెండు కనిపిస్తే మీ చేతిలో ఉన్నది కాపీకి కాపీ. ఎర్ర చొక్కా రంగు అంచు దాటి కిందికి జారినట్టుంటే, ఎంత ఎక్కువ జారితే అన్ని తరాలు దాటిందని అర్థం. ఇక ఒకే ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాలు ఒకదానిలోంచి ఒకటి కనిపిస్తుంటే, అది సెకనుకు 29.97 ఫ్రేముల ఎన్‌టీఎస్‌సీ నుంచి 25 ఫ్రేముల పాల్‌కో, అటునుంచి ఇటో మార్చిన కాపీ. ఈ రెండూ వేర్వేరు దేశాల టీవీ ప్రమాణాలు. ఈ కలగాపులగాన్ని పూర్తిగా విడదీయడం కుదరదు. అసలు ప్రమాణంలో ఉన్న టేపు కోసం మళ్లీ వెతుకులాటకు బయల్దేరడమే మంచిది.

హక్కుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. టేపు మీదైనంత మాత్రాన పాట మీది కాదు. చిత్రీకరణ, ప్రదర్శన, పాటల రచన, బాణీ, వీటి అనుమతులు వేర్వేరు చేతుల్లో ఉంటాయి. ఒక్క పాటకు అనుమతి దొరక్కపోయినా డిస్క్ నిడివి, అధ్యాయాలు, శబ్దంలో చప్పట్ల అతుకులు అన్నీ మారతాయి. ఆర్నెల్ల పని అయ్యాక ఆ సంగతి తెలియకూడదు.

2. టేపును ఆడించే ముందు

టేపును గదిలోకి తెచ్చి 24 గంటలు అలాగే ఉంచండి. క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టేపు అంచును టార్చితో చూడండి. తెల్లటి పొడి, సాలెగూడు లాంటి పొర కనిపిస్తే అది బూజు. దాన్ని డెక్‌లో (టేపు ఆడించే యంత్రంలో) పెట్టారంటే ఆ టేపు పోవడమే కాదు, హెడ్లకు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి టేపుకూ పాకుతుంది. అలాంటిదాన్ని బూజు తీసే సదుపాయం ఉన్న ల్యాబుకే పంపాలి.

ఆడుతుండగా కీచుమని శబ్దం వచ్చినా, హెడ్ల మీద గోధుమరంగు జిగురు పేరుకున్నా వెంటనే ఆపేయండి. అయస్కాంత పొడిని పట్టి ఉంచే బంక గాల్లోని తేమ పీల్చుకుని వదులైపోయింది. యూ-మ్యాటిక్ అనే పాత వీడియో టేపుల్లో, 2 అంగుళాల ఆడియో టేపుల్లో ఇది ఎక్కువ, వీహెచ్‌ఎస్‌లో అరుదు. ఇలాంటి టేపును 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా 8 గంటలో అంతకు మించో వెచ్చబెట్టి, మెల్లగా చల్లారనిస్తే కొన్ని వారాలపాటు ఆడుతుంది. ఆ వ్యవధిలోనే క్యాప్చర్, అంటే టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడం, పూర్తిచేయాలి. వంటింటి ఓవెన్‌లో ఉష్ణోగ్రత పదేసి డిగ్రీలు ఊగుతుంది కాబట్టి దాన్ని ముట్టుకోకండి. అసిటేట్ పునాది ఉన్న పాత ఆడియో టేపును ఎప్పుడూ వెచ్చబెట్టకండి, వంకర్లు తిరిగిపోతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రీలు అంచులోంచి వెలుగు కనిపించేది అసిటేట్.

బాగున్న టేపునైనా మొదట చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తిప్పండి. ఏళ్లతరబడి ఒకే పక్క ఒత్తిడితో ఉన్న చుట్టలు సర్దుకుంటాయి, బొమ్మ ఊగడం తగ్గుతుంది.

3. క్యాప్చర్

ఇక్కడ పోయింది తర్వాత ఏం చేసినా రాదు. వీహెచ్‌ఎస్‌కు ఎస్-వీహెచ్‌ఎస్ డెక్ వాడండి, అందులోంచి ఎస్-వీడియో తీగ వేయండి. పసుపు రంగు కాంపోజిట్ తీగలో వెలుగూ రంగూ కలిసి ప్రయాణిస్తాయి కాబట్టి సన్నటి గీతలున్న చొక్కా మీద ఇంద్రధనుస్సు రంగులు పాకుతాయి. బీటాక్యామ్ ఎస్‌పీ అయితే మూడు తీగల కాంపోనెంట్. డెక్ లోపలి నాయిస్ తగ్గింపు, పదును పెంపు మీటలన్నీ ఆపేయండి.

టైమ్ బేస్ కరెక్టర్ లేకుండా మొదలుపెట్టకండి. టేపు సాగి, జారి ఆడుతుంటే బొమ్మలోని ప్రతి అడ్డ గీతా కాస్త ముందో వెనకో మొదలవుతుంది. మైకు స్టాండు నిటారుగా ఉండాల్సింది పాములా మెలికలు తిరుగుతుంది. గీతల్ని సర్దేది ఒక రకం, ఫ్రేములు జారిపోకుండా పట్టేది ఇంకో రకం. మొదటిది చాలా ఎస్-వీహెచ్‌ఎస్ డెక్‌లలోనే ఉంటుంది. రెండోది లేకపోతే క్యాప్చర్ కార్డు గుట్టుచప్పుడు కాకుండా ఫ్రేములు వదిలేస్తుంది, గంటసేపటికి పెదవులకూ పాటకూ పొంతన ఉండదు. ఓపిక ఉన్నవాళ్లకు వీహెచ్‌ఎస్-డీకోడ్ అనే ఉచిత మార్గం ఉంది. హెడ్ నుంచి వచ్చే ముడి సిగ్నల్‌ను నేరుగా రికార్డు చేసి, గీతల్ని సర్దే పనంతా కంప్యూటర్‌లోనే చేస్తుంది. డెక్ మూత విప్పి తీగ అతికించడం వచ్చినవాళ్లకే ఇది.

వెలుగు స్థాయిని కచేరీలోని అత్యంత ప్రకాశవంతమైన చోట చూసి సర్దాలి, మొదటి పాట చూసి కాదు. టేపును ముందుకు తిప్పి, గాయకుడి ముఖం మీద తెల్లటి ఫాలో స్పాట్ (మనిషి వెంటే తిరిగే లైటు) పడే ఘట్టం, చివర్లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగే ఘట్టం వెతకండి. 8 బిట్ కొలతలో నలుపు 16, తెలుపు 235 అయినా, పాత కెమెరాల తెలుపు అది దాటి 250 దాకా వెళుతుంది. ప్రాసెసింగ్ యాంప్లిఫయర్‌లో (సిగ్నల్ స్థాయిని సర్దే పరికరంలో) కాంట్రాస్ట్ తగ్గించి ఆ వెలుగంతా ఫైలులోకి వచ్చేలా చూడండి. నుదుటి మీద తెల్లగా చదునైపోయిన మచ్చను ఏ కలర్ గ్రేడింగూ తిరిగి ముఖంగా మార్చలేదు.

ఫైలు 10 బిట్, 4:2:2 (రంగు వివరం అడ్డంగా వెలుగులో సగం), ఇంటర్‌లేస్డ్‌గానే ఉండాలి. ఇంటర్‌లేస్డ్ అంటే ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, ఒకటి సరి గీతలతో, ఇంకోటి బేసి గీతలతో. కుదింపు లేని పాల్ వీడియో గంటకు సుమారు 100 జీబీ పడుతుంది. నష్టం లేకుండా కుదించే ఎఫ్‌ఎఫ్‌వీ1 వాడితే అందులో సగం దగ్గర సరిపోతుంది. క్యాప్చర్ చేసేటప్పుడే ఎంపీ4గా మార్చేసే చవక పరికరాలను ఈ పనికి వాడొద్దు. అవి అక్కడికక్కడే ఫీల్డులను కలిపేసి, కదలికలో సగం పారేస్తాయి.

ఒకే టేపును మూడుసార్లు క్యాప్చర్ చేయండి. ప్రతిసారీ హెడ్ తుడిచి, ట్రాకింగ్ సర్దండి. తర్వాత మూడింటినీ ఫ్రేముకు ఫ్రేము సరిపోల్చి, ప్రతి పిక్సెల్‌కూ మధ్య విలువను తీసుకుంటే, ఒక్కసారి మాత్రమే వచ్చిన తెల్ల గీతలు వాటంతటవే పోతాయి. ఈ పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే ఇది కచేరీని ముట్టుకోదు. స్ట్రోబ్ మెరుపు మూడింట్లోనూ ఉంటుంది కాబట్టి అలాగే మిగులుతుంది, డెక్ చేసిన తప్పు మాత్రమే పోతుంది.

ఫిల్మ్ అయితే దారి వేరు. 16 మిల్లీమీటర్లకు 2కే కనీసం, 35కు 4కే. 10 బిట్ డీపీఎక్స్‌గా (ఒక్కో ఫ్రేమును ఒక్కో ఫైలుగా దాచే పద్ధతిలో) పూర్తి ఫ్రేము 4కే స్కాన్ చేస్తే ఒక్కో ఫ్రేము 51 ఎంబీ, గంటకు 4.4 టీబీ. డిస్కులు ముందే సమకూర్చుకోండి. నునుపు వైపున ఉన్న గీతలకు వెట్ గేట్ స్కానింగ్ అడగండి. ద్రవం ఆ గాడిలో నిండడంతో గీత స్కాన్‌లో కనిపించదు. రసాయన పొర లోతుగా చీరుకుపోతే మాత్రం అది చేతిపనే.

4. ముక్కలను పాటకు జతచేయడం

400 అడుగుల 16 ఎంఎం రీలు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 11 నిమిషాలే వస్తుంది. అందుకే పాట మధ్యలో ఒక కెమెరా మాయమై, రెండో చరణానికి మళ్లీ తేలుతుంది. క్లాప్ బోర్డు కూడా ఉండదు. స్నేర్ డ్రమ్ మీద స్టిక్ దిగే ఫ్రేమును గుర్తుగా పెట్టుకోండి. ముక్క మొదట్లో ఒక దెబ్బ, చివర్లో ఒక దెబ్బ, రెండూ కలవాలి. మొదటిది కలిసి చివరిది కలవకపోతే కెమెరా వేగం మారిందన్నమాట. 59.94, 60 మధ్య పొరపాటు జరిగితే తేడా గంటకు 3.6 సెకన్లు వస్తుంది. ఆ అంకె కనిపించిందంటే కారణం వేరే వెతకనక్కర్లేదు.

కెమెరా మైకు శబ్దాన్ని బోర్డు శబ్దంతో ఆటోమేటిక్‌గా కలిపే మీట నొక్కేముందు కెమెరా ఎక్కడుందో ఆలోచించండి. శబ్దం సెకనుకు 343 మీటర్లే వెళ్తుంది. వేదికకు 30 మీటర్ల దూరంలో ఉన్న కెమెరా మైకుకు డ్రమ్ దెబ్బ 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది, అంటే 25 ఫ్రేముల వీడియోలో రెండు ఫ్రేముల పైమాటే. శబ్దానికి శబ్దం కలిపితే బొమ్మ అంత ముందుకు జరిగిపోతుంది. వినపడకముందే స్టిక్ డ్రమ్‌ను తాకేస్తుంది. ఆ కెమెరా బొమ్మను రెండు ఫ్రేములు వెనక్కి, అంటే ఆలస్యంగా వచ్చేలా, జరపండి.

5. ఇంటర్‌లేస్ విడదీయడం

పాల్ టేపులో సెకనుకు 50 ఫీల్డులు, ఎన్‌టీఎస్‌సీలో 59.94. ప్రతి ఫీల్డూ వేరే క్షణం. 25 ఫ్రేములుగా కలిపేస్తే తబలా వేళ్లైనా, గిటార్ మీటే చేయైనా సగం కదలిక కోల్పోతుంది. అందుకే 50 ఫీల్డులను 50 ఫ్రేములుగానే విప్పండి. ముందు ఫీల్డుల వరుస సరిచూసుకోండి. పాల్ టేపు క్యాప్చర్‌లో సాధారణంగా పై ఫీల్డు ముందు, డీవీ (పాత డిజిటల్ క్యామ్‌కార్డర్ల పద్ధతి) ఫైలులో కింది ఫీల్డు ముందు. వరుస తప్పితే కదిలే ప్రతిదీ రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తున్నట్టు వణుకుతుంది. డీవీడీ మాత్రమే చేస్తుంటే అసలు విప్పనే వద్దు. అది ఇంటర్‌లేస్డ్‌గానే తీసుకుంటుంది.

అవీసింత్, వేపర్‌సింత్ అనే ఉచిత వీడియో సాధనాలలో నడిచే క్యూటీజీఎంసీ ఈ పనికి ఇప్పటికీ చాలా మంచిది. కాకపోతే అది పక్క ఫ్రేములతో పోల్చి నునుపు చేస్తుంది. కచేరీకి ‘స్లోయర్’ ప్రీసెట్ పెట్టి, సోర్స్ మ్యాచ్ 3కు పెంచి, నునుపు మోతాదైన టీఆర్2ను 0కో 1కో తగ్గించండి. స్ట్రోబ్ లైట్లు కొట్టే భాగాల్లో అదీ తడబడుతుంది. వెలిగిన ఫ్రేము నీడ చీకటి ఫ్రేములోకి కారుతుంది. ఆ భాగాలను మాత్రం విడిగా కోసి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని బీడబ్ల్యూడిఫ్ లాంటి సాదా పద్ధతితో విప్పి, తిరిగి అతికించండి.

6. శుభ్రం చేయడం: ఎక్కువ తప్పులు జరిగే చోటు

ముందు పాటలన్నీ ఒకసారి చూసి ఒక పట్టిక రాసుకోండి. స్ట్రోబ్ ఎక్కడ, పొగ ఎక్కడ, కాగితాలు ఎప్పుడు రాలాయి, బాణసంచా ఎప్పుడు పేలింది, టైమ్‌కోడ్‌తో సహా. ఆటోమేటిక్ దుమ్ము తొలగింపు, డ్రాపౌట్ (టేపు మీద సిగ్నల్ తెగిన చోటు) తొలగింపు ఈ భాగాల్లో నడవకూడదు.

ఎందుకో ఒక డ్రమ్ సోలో మీద పరీక్షిస్తే అర్థమవుతుంది. డావిన్చీ రిజాల్వ్ స్టూడియో లాంటి వాటిలో ఉండే దుమ్ము తొలగింపును నడిపి, ముందు బొమ్మనూ తర్వాతి బొమ్మనూ ఒకదాన్నుంచి ఒకటి తీసివేసి చూడండి. నల్లటి తెర మీద తొలగించినవి మాత్రమే తెల్లగా మిగులుతాయి. వాటిలో దుమ్ము చుక్కలుంటాయి. వాటి పక్కనే సన్నటి, కాస్త వంగిన గీతలూ ఉంటాయి. అవి స్టిక్కులు! పైకి లేచిన ఒక్క ఫ్రేములో స్టిక్ ముందూ వెనకా ఫ్రేముల్లో ఆ చోట లేదు కాబట్టి, సాఫ్ట్‌వేర్ దాన్ని దుమ్ము కింద లెక్కేసింది. వీడియో మామూలు వేగంతో చూస్తే ఇది తెలియదు. డ్రమ్మర్ ఏదో నీరసంగా వాయిస్తున్నట్టు మాత్రం అనిపిస్తుంది. ఈ తీసివేత బొమ్మను ప్రతి పాటకూ తయారుచేసుకుని చూడటం అలవాటు చేసుకోండి. అందులో మనిషి ఆకారం, వాయిద్యం అంచు, వేలు కనిపించాయంటే మోతాదు మించిందని అర్థం.

నాయిస్ తగ్గింపుకూ ఇదే కొలత. పక్క ఫ్రేములతో పోల్చే పద్ధతులు, అంటే నీట్ వీడియో కానీ ఎస్‌ఎమ్‌డీగ్రెయిన్ కానీ, నిలకడైన వెలుతురులో అద్భుతంగా పనిచేస్తాయి. వెలుగు ఒక్కసారిగా మారితే వాటి లెక్క తప్పుతుంది. ప్రతి ఫ్రేము సగటు వెలుగును కొలిచి, ముందు ఫ్రేముకూ దీనికీ తేడా 8 బిట్ కొలతలో 12 నుంచి 15 అంకెలు దాటిన చోట గుర్తుపెట్టండి. అక్కడ కాలంతో పోల్చే శుద్ధి ఆపి, ఆ ఒక్క ఫ్రేము లోపలే పనిచేసే తేలికపాటి శుద్ధి వాడండి. రంగు నాయిస్‌ను గట్టిగా తగ్గించినా ఫర్వాలేదు. వెలుగు నాయిస్‌ను సగానికి మించి తీయకండి. వీహెచ్‌ఎస్‌లో వెలుగు వివరం అడ్డంగా 240 గీతల దాకా ఉంటే రంగు వివరం 40 దగ్గరే ఆగుతుంది, కాబట్టి రంగును మెత్తబరిస్తే పోయేది తక్కువ.

పొగ దగ్గర అతి శుద్ధి మరో రూపంలో బయటపడుతుంది. నీలి లైటు వెనక మెల్లగా చెదిరే పొగలోంచి నాయిస్ మొత్తం తీసేస్తే, డిస్క్ మీద అది మెట్లు మెట్లుగా, పటంలో ఎత్తుపల్లాల గీతల్లా విడిపోతుంది. పని అంతా 16 బిట్‌లో చేసి, చివర 8 బిట్‌కు దించేటప్పుడు డిథర్ (మెట్లను కరిగించే సన్నటి చుక్కలు) వేసి, పైన ఫిల్మ్‌లో ఉండేలాంటి సన్నటి గ్రెయిన్ చల్లండి.

ట్యూబ్ కెమెరాలతో తీసిన కచేరీల్లో మూడు లక్షణాలు ఉంటాయి. కెమెరా కదిలితే స్పాట్ లైట్లు తోకచుక్కల్లా వెలుగు తోకలు ఈడుస్తాయి. ఫ్లాష్ వెలుగు ఒక ఫీల్డు సగంలో మొదలై తర్వాతి ఫీల్డు సగంలో ముగుస్తుంది, బొమ్మ అడ్డంగా చీలినట్టుంటుంది. స్పీకర్ల దగ్గరున్న కెమెరాలో బేస్ మోగినప్పుడల్లా ట్యూబ్ అదిరి అడ్డ గీతలు పాకుతాయి. ఈ మూడింటినీ వదిలేయమనే నా సలహా. తోకలు తీయబోతే వాటి వెనక ముఖాలు చెదురుతాయి. అడ్డ గీతలు బేస్ తాళానికి కట్టుబడి ఉంటాయి. చూసేవాళ్లకు ఆ హాలు ఎంత బిగ్గరగా మోగిందో అవే చెబుతాయి.

నిజమైన డ్రాపౌట్లు, అంటే అడ్డంగా పొట్టిగా తెగిన తెల్ల, నల్ల గీతలు, పాకి పక్క గీతలను తాకవు. వాటిని చేత్తో ఎంచి, పక్క ఫ్రేములోంచి ఆ ముక్కను మాత్రమే తెచ్చి పూడ్చండి. అడుగునున్న హెడ్ మారే పట్టీని నల్లటి పట్టీతో కప్పండి, సాగదీయకండి.

7. రంగు

రంగు పొర కుడికి జారి ఉంటే దాన్ని 2 నుంచి 4 పిక్సెళ్లు ఎడమకు, కిందికి జారి ఉంటే ఒకటో రెండో గీతలు పైకి జరపండి. ఎర్ర గిటార్ అంచు చూస్తూ సర్దితే సులువు.

తెలుపు సరిచేసే మీట కచేరీలో ప్రమాదకరం. ఎర్ర జెల్ (రంగు పారదర్శక కాగితం) వేసిన లైటు కింద ముఖం ఎర్రగానే ఉండాలి. ఆ ముఖాన్ని మామూలు చర్మపు రంగుకు లాగితే లైటింగ్ చేసినవాళ్ల పని మొత్తం పోతుంది. తటస్థ రంగు కోసం తెల్లటి ఫాలో స్పాట్ పడిన క్షణం, పియానో తెల్ల మెట్లు, డ్రమ్ పైచర్మం, పాటల మధ్య హాలు లైట్లు వెలిగిన నిమిషం వెతికి, అక్కడ సరిచేసి, అదే దిద్దుబాటును ఆ కెమెరా మొత్తానికీ వర్తింపజేయండి. కెమెరాలు ఒకదానికొకటి కలవాలంటే ఒకే టైమ్‌కోడ్ దగ్గర అన్నిటి ఫ్రేములూ పక్కపక్కన పెట్టండి. లైట్లు క్షణక్షణం మారతాయి కాబట్టి వేరే క్షణాలతో పోల్చితే తప్పుడు దిద్దుబాటే వస్తుంది.

పాత టేపు రెక్ 601 అనే రంగు ప్రమాణం లెక్కలో ఉంటుంది, హెచ్‌డీ డిస్క్ రెక్ 709లో. మార్పిడి చేయకుండా పంపితే ఎరుపు నారింజ వైపు వాలుతుంది, ఆకుపచ్చ మారిపోతుంది. పెద్దది చేసే మెట్టులోనే దీన్ని కలిపి చేయండి.

8. పెద్దది చేయడం

పాల్ 720 వెడల్పులో అసలు 4:3 బొమ్మ 704 పిక్సెళ్లే. పక్కలు 8 చొప్పున కోసి, 704 × 576ను 960 × 720గానో 1440 × 1080గానో మార్చి, రెండు పక్కలా నల్ల పట్టీలు ఉంచండి. తెర నింపడానికి పైనా కిందా కోస్తే డ్రమ్మర్ తలో గిటారిస్టు చేతులో పోతాయి. సాగదీస్తే అందరూ లావవుతారు.

వీహెచ్‌ఎస్ నుంచి 4కే చేయొద్దు. అక్కడ లేని వివరాన్ని ఏఐ ఊహిస్తుంది. ఏ మోడల్‌ను వాడాలన్నా ముందు అయిదు చోట్ల పరీక్షించండి: గిటార్ మెడ మీద వేళ్లు, సింబల్ అంచు, మైకు జాలీ, ప్రేక్షకుల ముఖాలు, డ్రమ్ మీద రాసిన అక్షరాలు. గిటార్ తీగలను లెక్కపెట్టండి. మసక బొమ్మలో ఆరు తీగలు కలిసిపోయి కనిపిస్తాయి. మోడల్ వాటిని పదునుగా, నున్నగా అయిదు చేస్తుంది, మరుసటి ఫ్రేములో ఏడు. ప్రేక్షకుల ముఖాలకు వేర్వేరు కళ్లు మొలుస్తాయి. ముఖాలను బాగుచేసే ప్రత్యేక మోడల్ ఇంకా దారుణం, గాయకుడిని ఇంకెవరిగానో మార్చేస్తుంది. ఏఐ ఫలితాన్ని మామూలుగా పెంచిన బొమ్మ మీద 30 నుంచి 40 శాతం మాత్రమే కలపండి, పెంపు రెండింతలు దాటనివ్వకండి. మంచి బీటాక్యామ్ టేపుకు అలాంటి భారీ ఏఐ మోడల్ అక్కర్లేదు, బొమ్మను పెంచే చిన్న సాధనం ఎన్‌ఎన్‌ఈడీఐ3 చాలు.

9. శబ్దం

బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, శబ్దం చెడితే ఆపేస్తారు. వీహెచ్‌ఎస్‌లో హై-ఫై ట్రాకు ఉంటే దాన్నే తీసుకోండి, అంచున ఉండే మామూలు ట్రాకు దాని దరిదాపుల్లోకి రాదు. హై-ఫైలో గరగర వస్తే సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టకుండా డెక్ ట్రాకింగ్ మార్చి మళ్లీ తీయండి. రీలు టేపులైతే హెడ్ కోణం సర్దాక 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో దించండి.

గుయ్‌మనే కరెంటు రొదను తీసేయడానికి తొందరపడకండి, ముందు దాన్ని కొలవండి. యాంప్లిఫయర్ల నుంచి వచ్చే ఆ రొద ఉన్న చోటును బట్టి 50 లేదా 60 హెర్ట్జ్. పాటల మధ్య నిశ్శబ్దంలో అది 51.2 చూపిస్తే, 50 హెర్ట్జ్ చోట రికార్డయిన ఆ టేపు 2.4 శాతం వేగంగా ఆడుతోంది. శ్రుతిని మాత్రమే నమ్మితే బృందం కావాలని అరస్వరం దించి వాయించిన పాటను మీరు “సరిచేసే” ప్రమాదం ఉంది. రొద అబద్ధం చెప్పదు. జనరేటర్ మీద నడిచిన కచేరీ అయితే మాత్రం ఈ కొలతను వదిలేయండి. 24 ఫ్రేముల ఫిల్మును 25గా నడిపిన పాల్ కాపీ 4 శాతం పైచిలుకు వేగంగా ఉంటుంది, శ్రుతి ముప్పావు అరస్వరం దాకా పైకెక్కుతుంది. దాన్ని 24కు దించి, శబ్దాన్నీ అంతే నెమ్మదించండి.

వేగం సరిపోయాకే రొద తీయండి, అదీ జాగ్రత్తగా. బేస్ గిటార్ కింది తీగ మూడో మెట్టు మీద పలికే స్వరం 49 హెర్ట్జ్. 50 దగ్గర వెడల్పైన నాచ్ (ఆ చోటు శబ్దాన్ని మాత్రమే కోసేసే ఫిల్టర్) వేస్తే ఆ స్వరం వచ్చినప్పుడల్లా బేస్ మాయమవుతుంది. నాచ్‌ను 1 హెర్ట్జ్ కంటే సన్నగా చేయండి, లేదా పాటల మధ్య మాత్రమే వేయండి. పాట మోగుతున్నప్పుడు రొద ఎవరికీ వినిపించదు.

బుస తగ్గింపుకు నమూనాను జనం నోరు మెదపని క్షణం నుంచి తీసుకోండి. చప్పట్లున్న చోట తీసుకుంటే సాఫ్ట్‌వేర్ చప్పట్లనే బుస అనుకుని, ప్రతి పాట చివరా నీళ్లలో మునిగినట్టు చేస్తుంది. 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గింపు చాలు. చప్పట్ల భాగాల్లో దాన్ని పూర్తిగా ఆపేయండి.

గట్టిదనాన్ని మొత్తం మీద −18 నుంచి −16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినికిడి గట్టిదనపు కొలమానం) మధ్య, ట్రూ పీక్‌ను, అంటే అత్యధిక శిఖరాన్ని, −1 డెసిబెల్ లోపు ఉంచండి. ఒక్క గొంతుతో మొదలయ్యే పాట మెల్లగానే మొదలవ్వాలి. ప్రేక్షకుల మైకులు విడిగా ఉంటేనే 5.1 చేయండి, వాటిని చుట్టూ ఆరు స్పీకర్లుండే ఆ అమరికలో వెనక స్పీకర్లకు పంపండి. స్టీరియో ఒక్కటే ఉంటే దాన్నే శుభ్రంగా ఇవ్వండి.

10. డిస్క్

మామూలు బ్లూ-రేలో 1080 గీతల 50 ప్రోగ్రెసివ్‌కు చోటు లేదు. 1080కి 50 లేదా 59.94 ఫీల్డుల ఇంటర్‌లేస్, లేదా 24 ఫ్రేములు. 720కైతే 50, 59.94 ప్రోగ్రెసివ్ రెండూ కుదురుతాయి. టేపు కచేరీకి 720, 50 ప్రోగ్రెసివ్ ఎంచుకోండి. విప్పిన ప్రతి ఫ్రేమూ దక్కుతుంది, మళ్లీ ఇంటర్‌లేస్ చేయనక్కర్లేదు. ఫిల్ముకు 1080, 24.

90 నిమిషాల కచేరీకి 25 జీబీ డిస్క్‌లో లెక్క ఇలా వస్తుంది: వీడియో సగటున 25 ఎంబీపీఎస్, 24 బిట్ ఎల్‌పీసీఎమ్ (కుదింపు లేని శబ్దం) స్టీరియో 2.3, 5.1 ఉంటే 6.9. మొత్తం 23 జీబీ పైచిలుకు, మెనూలకు మిగులుతుంది. వీడియో గరిష్ఠం 40 ఎంబీపీఎస్ దాటకూడదు, కీఫ్రేము (పక్క ఫ్రేముల ఆధారం లేకుండా పూర్తిగా దాచిన ఫ్రేము) ప్రతి సెకనుకూ ఉండాలి. ఒకే సగటుకు కట్టేయకుండా రెండు దఫాల్లో ఎన్‌కోడ్ చేస్తే స్ట్రోబ్, రంగుకాగితాల ఘట్టాలకు కావలసినన్ని బిట్లు అందుతాయి.

అధ్యాయం గుర్తును పాట మొదటి స్వరం మీద పెట్టకండి. డ్రమ్మర్ “వన్, టూ” అని లెక్కపెట్టే చోటుకో, గాయకుడు పాట పేరు చెప్పే చోటుకో పెట్టి, అక్కడ కీఫ్రేము పడేలా చూడండి. స్ట్రోబ్ సెకనుకు మూడు మెరుపులు దాటే కచేరీకి మొదట్లోనే హెచ్చరిక పలక వేయండి. మూర్ఛ ఉన్నవాళ్లకు అది నిజమైన ప్రమాదం.

డిస్క్ రాశాక ఒక పెద్ద టీవీలో, ఒక పాత ప్లేయర్‌లో, హెడ్‌ఫోన్లతో ఒకసారి, ఆపకుండా మొదటి నుంచి చివరిదాకా చూడండి. చేతిలో కాగితం ఉంచుకుని టైమ్‌కోడ్ మాత్రమే రాయండి, దిద్దడం తర్వాత. శుభ్రం చేయని ముడి క్యాప్చర్లను, వాటి చెక్‌సమ్‌లతో (ఫైలు చెడిపోయిందో లేదో తేల్చే అంకెలతో) సహా, మూడు కాపీలుగా దాచండి. ఒకటి వేరే భవనంలో ఉండాలి. శుద్ధి చేసిన ఫైలును మాత్రమే దాచి ముడిదాన్ని చెరిపేస్తే, పొరపాటున తీసేసిన స్టిక్కులను తర్వాత వచ్చే ఏ సాధనంతోనూ ఎవరూ తిరిగి తేలేరు.